పసుపు చుక్క డేగిసా

మా నాయన ఆదాము పోతూ పోతూ నాకు మూడు పెయింటు డబ్బాలు అప్పజెప్పాడు. పసుపు ఒకటి, నీలం ఒకటి, ఆకుపచ్చ ఒకటి. మా టెంట్‌హౌస్‌లో కుర్చీలు, షామియానాలు, మైకు సెట్లు, వంట డేగిసాలు అన్నీ ఉన్నా, దుకాణం నడిచేది ఆ మూడు డబ్బాల మీదే అని ఆయన నమ్మకం. అంచు కింద పసుపు చుక్క ఉన్న డేగిసాలు గుడికి, రైతుల ఇళ్లకు. నీలం చుక్కవి చర్చికి, మా పేటకు. ఆకుపచ్చవి తండాలకు, కోయ గూడేలకు. మసీదు వాళ్లకు సొంత డేగిసాలున్నాయి కాబట్టి నాలుగో డబ్బా కొనే పని నాయనకు తప్పింది.

తమాషా ఏమిటంటే ఆ గిన్నెలన్నీ తోమేది మేమే. పసుపువి, నీలంవి, ఆకుపచ్చవి ఒకే బోరు దగ్గర, ఒకే పీచుతో మా అమ్మ విశ్రాంతమ్మ తోముతుంది. మేం తోమితే ఎవరికీ ఇబ్బంది లేదు, మేం వండుకుంటేనే ఇబ్బంది. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. "రంగు మనకు కూడు పెడుతున్నది బిడ్డా, దాన్ని ప్రశ్నలడగకు" అనేవాడు నాయన. నేను అడగలేదు. ఆయన పోయాక పన్నెండేళ్లు, ఏడాదికోసారి చుక్కలు దిద్దుతూ వచ్చాను. ఆ చుక్కలంటే నాకు కోపమే, కానీ దుకాణం మూసుకునేంత కోపం కాదు.

మాది గోదావరికి బూర్గంపాడు వైపు ఒడ్డు. అవతల భద్రాచలం. ఏటా వానాకాలం నీళ్లు వస్తాయి, నాలుగు రోజులు బెదిరిస్తాయి, పోతాయి. డెబ్బయ్యొక్క అడుగులు వచ్చిన ఏడు మాత్రం వచ్చి కూర్చున్నాయి.

మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన పొద్దున వెంకటరామారావు గారు తన ట్రాక్టరు తెచ్చి మా దుకాణం ముందు ఆపారు. మా ఊళ్లో పెద్ద సేద్యం ఆయనది. నలభై ఏళ్ల కింద కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ మిరప తోటలు వేసిన కుటుంబం.

"స్తుతీ, డేగిసాలన్నీ ఎక్కించమ్మా. హైస్కూల్లో క్యాంపు పెడుతున్నారు. ఆరొందల మందికి వండాలి" అన్నారు.

"ఏ రంగువి సార్?" అని అడిగాను. అలవాటు.

ఆయన నా వైపు చూశారు, నా వెనక పేట వీధిలోకి వస్తున్న నీళ్ల వైపు చూశారు.

"అన్నీ" అన్నారు.

హైస్కూలు ఎత్తు మీద ఉంటుంది. మొదటి రోజు నేనే దగ్గరుండి మూడు పొయ్యిలు పెట్టించాను, మూడు రంగుల డేగిసాలు విడివిడిగా ఎక్కించాను. వాన ఆగలేదు. కట్టెలు తడిసి పొగ తప్ప మంట లేదు. మధ్యాహ్నానికి ఉడకాల్సిన అన్నం సాయంత్రమైనా ఉడకలేదు. పిల్లలు ఏడుస్తున్నారు. రెండో రోజు పొద్దున్నే వెంకటరామారావు గారి భార్య భారతమ్మ గారు చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని వంట దగ్గరికి వచ్చారు.

"కట్టెలు తడిగా ఉన్నాయి. మూడు పొయ్యిలకు చాలవు. ఒకటే పెట్టు చందూలాల్" అన్నారు.

చందూలాల్ తండా మనిషి. మా చుట్టుపక్కల పెళ్లిళ్లన్నిటికీ అతనే వంటమాస్టరు. "అవ్ అమ్మా" అని రెండు పొయ్యిలు ఆర్పేసి ఆ కట్టెలు మూడోదాంట్లోకి తోశాడు. ఆ తర్వాత పది రోజులు ఏ డేగిసా చేతికొస్తే అది ఎక్కింది. చుక్క ఎవరూ చూడలేదు. కోయ గూడెం నుంచి వచ్చిన జంపక్క పక్కన కూర్చుని భారతమ్మ గారు కూరగాయలు తరిగారు. మా అమ్మ బియ్యం కడిగింది. నాకైతే ఆ పది రోజులూ, ఇల్లు నీళ్లలో ఉన్నా సరే, బాగుంది. ఇలా అనొచ్చో లేదో తెలియదు కానీ బాగుంది.

ఒక్క చోట మాత్రం చిక్కు వచ్చింది. గురుపౌర్ణమి నాడు భారతమ్మ గారు చక్కెర పొంగలి వండారు. క్లాసు రూములో రాములవారి క్యాలెండరు దగ్గర పెట్టి హారతిచ్చి, అందరికీ పంచుతూ మా అమ్మ దగ్గరికొచ్చారు. అమ్మ చేతులు జోడించింది.

"మేం ప్రసాదం తినమమ్మా. మనసుల పెట్టుకోకుండ్రి."

భారతమ్మ గారి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "పొద్దుట్నుంచి ఏమీ తినలేదు నువ్వు. ఆకలితో ఉన్న మనిషివి" అన్నారు.

"ఆకలి సంగతి గాదమ్మా. దేవునికి మాటిచ్చిన. చిన్నప్పటి సంది తినలే."

వేరే దేవుడికి పెట్టినది మా వాళ్లు తినరు. అమ్మకు దాంట్లో పట్టింపు ఎక్కువ. కానీ పెట్టే మనిషికి అది ఎలా ఉంటుందో భారతమ్మ గారి ముఖంలో చూశాను. ఇద్దరూ గొంతు పెంచలేదు. ఒకరికొకరు చెప్పుకుంటూ నిలబడే లోపల పొయ్యి మీద ఉన్న మిగతా పొంగలి అడుగంటింది. ఆ వాసన వరండా అంతా కొట్టింది. భారతమ్మ గారు పరిగెత్తి దించేసరికి డేగిసా అడుగున అరచేయంత మేర నల్లగా మాడిపోయింది. ఇటుక పొడి వేసి తోమినా ఆ మచ్చ పోలేదు. మర్నాడు ఎవరో కోళ్లు పంపితే చందూలాల్ అదే డేగిసాలో కోడికూర వండాడు.

నీళ్లు తీశాక ఇళ్లకొచ్చాం. బురద ఎత్తిపోయడానికి వారం పట్టింది. ఆ తర్వాత గిన్నెలు వరసగా పెట్టి చూస్తే పద్దెనిమిది డేగిసాలకు పద్దెనిమిదీ బోసిగా ఉన్నాయి. పది రోజుల మసి, పది రోజుల ఇటుక పొడి కలిసి నాయన చుక్కల్ని నామరూపాలు లేకుండా తోమేశాయి.

మూడు డబ్బాలూ ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఏది ఎవరిదో పట్టుకునే దారి లేదు. చివరికి కుంచె తీసి, చేతికొచ్చినట్టు చుక్కలు పెట్టడం మొదలుపెట్టాను.

అమ్మ వచ్చి చూసింది. "ఏది ఎవలదో నీకు ఎరుకనా?"

"ఎరుక లేదు."

"మరి రంగెందుకేస్తున్నవ్?"

"నాకు ఎరుక లేదని వాళ్లకు ఎరుక లేదు గదా."

అమ్మ ఏదో అనబోయి నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

వరదకు ముందు ఏడు మా ఊళ్లో ఒక గొడవ జరిగింది. వినాయక చవితి మండపం మైకు, చర్చి మైకు ఒకేసారి మోగి, మాటా మాటా పెరిగి, రాళ్లు పడ్డాయి. రెండు మైకులూ నావే కాబట్టి నన్ను కూడా స్టేషన్‌కి పిలిచారు. అప్పుడు ఎస్సై ఒక ఐక్యత కమిటీ వేయించారు. ఏడాదిపాటు అది కాగితం మీదే ఉంది. పై వీధి వాళ్లు పేట కొట్లో ఉప్పు కూడా కొనలేదు, పేట వాళ్లు పై వీధి మిల్లులో వడ్లు పట్టించలేదు. వరద క్యాంపు తర్వాత ఆ కమిటీకి ప్రాణం వచ్చింది. ఆదివారం చర్చి విడిచేదాకా మండపం మైకు పెట్టకూడదని, రాత్రి తొమ్మిది దాటితే రెండూ కట్టేయాలని గంటలో తేల్చేశారు. నేను కుర్చీలు వేయడానికి పోయి మూల కూర్చుని విన్నాను. చెవులు నమ్మలేకపోయాను.

అప్పుడు వెంకటరామారావు గారు లేచారు. "క్యాంపులో ఒక్క పొయ్యి మీద తిన్నాం. అది మరిచిపోకూడదు. పంద్రాగస్టు నాడు జెండా ఎగరేసినాక ఊరంతా కలిసి ఒకపూట తిందాం" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

మండపం పెద్దమనిషి ముసలయ్య కాకా గొంతు సవరించుకున్నాడు. "మంచి మాటే రావుగారూ. గిన్నెలు మాత్రం ఎవరివి వాళ్లకు పెడదాం. మా ఇండ్లల్ల పెద్దోళ్లు ఒప్పుకోరు."

మా పాస్టరు ఎబినేజర్ అయ్యగారు వెంటనే, "మాకూ అదే మంచిది. మా నీలం గిన్నెల్ల మేం వండుకుంటం. ఒకలతోని మాట పడే పనుండదు" అన్నారు. ఆయన్ని తప్పు పట్టలేను. చిన్నప్పుడు ఏ విందులో ఎంత దూరంగా కూర్చోబెట్టారో ఆయన ఒకసారి ప్రసంగంలోనే చెప్పారు. విడిగా ఉంటే అవమానం ఉండదని ఆయన లెక్క.

జంపక్క లేచి నిలబడింది. "క్యాంపుల ఏ గిన్నెల తింటున్నరో గప్పుడు అడిగిన్రా?"

"అది ఆపద జంపక్కా. ఇది పండుగ. ఆపదల లెక్క వేరు" అన్నాడు ముసలయ్య.

మూడు పొయ్యిలు, మూడు వరసలు అని రాసుకున్నారు. వెంకటరామారావు గారు నా వైపు తిరిగి, "స్తుతి ఉండగా మనకు ఏ చిక్కూ లేదు. ఆదాము కాలం నుంచి ఎవరి గిన్నెలు వాళ్లకు విడిగానే ఉన్నాయి" అన్నారు. గదిలో ఉన్నవాళ్లంతా నా వైపు ప్రేమగా చూశారు. అంత మంది పెద్దమనుషులు నన్ను అలా చూడడం అదే మొదలు. ఊరు కలవడానికి కమిటీ వేస్తే, ఊరు విడిగా ఉండడానికి నా అబద్ధం జామీను పడింది.

మూడు రోజుల తర్వాత భారతమ్మ గారు, కోడలు నాగలతను వెంటబెట్టుకుని మా దుకాణానికి వచ్చారు. శ్రావణంలో మనవడు నాని పెళ్లి. పెళ్లి సత్తుపల్లిలో అమ్మాయి వాళ్లింట్లో, తర్వాత సత్యనారాయణ వ్రతం వీళ్లింట్లో. వ్రతం భోజనాలకు ఆరు డేగిసాలు కావాలి.

"పసుపువే కదా అమ్మాయ్? వ్రతానికి" అన్నారు.

"పసుపువేనమ్మా. మీవే."

ఆవిడ ఒక్కొక్కటీ వంచి లోపల చూస్తున్నారు. మూడోది వంచి ఆగారు. అడుగున చెయ్యి పెట్టి బొటనవేలితో రుద్దారు.

"ఇదీ పసుపేనా?"

"పసుపేనమ్మా."

"ఎప్పట్నుంచి?"

"మా నాయన ఉన్నప్పటి సంది."

భారతమ్మ గారు తలెత్తి నా వైపు చూశారు. కోపం లేదు. "సరే" అన్నారు. డేగిసా బోర్లించి, గొడుగు తీసుకుని మెట్లు దిగారు. నాగలత నాకేసి ఒక నవ్వు నవ్వి వెనకే పోయింది.

వాళ్లు మలుపు తిరిగాక నేను ఆ డేగిసా తిప్పి చూశాను. అడుగున అరచేయంత నల్ల మచ్చ. పొంగలి మాడిన డేగిసా. మర్నాడు కోడికూర వండిన డేగిసా. దానికి నా చేత్తో నేనే పసుపు చుక్క పెట్టి, మాడ్చిన మనిషి చేతికే ఇచ్చాను.

ఆవిడ ఒక్క మాట అంటే చాలు. రైతుల ఇళ్ల శుభకార్యాలన్నీ పోతాయి. మా దుకాణం నిలబడేదే వాటి మీద. అంతకంటే, ఆదాము కూతురు అబద్ధాలకోరు అంటారు. ఫోను మోగినప్పుడల్లా ఆవిడే అనుకుని పేరు చూసుకున్నాను. భారతమ్మ గారి నుంచి రాలేదు. గిన్నెలు వద్దనీ చెప్పలేదు, ఎవరితోనూ ఏమీ అనలేదు. తిట్టి ఉంటే నయమనిపించింది.

పంద్రాగస్టుకు ముందు రోజు మధ్యాహ్నం, అన్నం తిన్నాక, గరుకు కాగితం తీసుకుని డేగిసాల ముందు కూర్చున్నాను. మొదటి చుక్క గీకుతుంటే అమ్మ వచ్చింది.

"ఏం జేస్తున్నవే?"

"చుక్కలు తీస్తున్న."

"రేపు అడిగితే ఏం జెప్తవ్?"

"ఉన్నది చెప్త. ఏమంటరో అననీ."

అమ్మ నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, పక్కన కూలబడి తనూ ఒక కాగితం ముక్క తీసుకుంది. ఇద్దరం కలిసి రెండు డేగిసాలు గీకాం.

"మీ నాయన గింత ధైర్యం చెయ్యలే" అంది చివరికి.

"నాయనకేం అవసరం. ఆయన చుక్కలు సక్కగనే ఉండె గదా."

"ఎనభై ఆరు వరదల నువ్వు నా సంకన ఉన్నవ్. గప్పుడు గూడ గిన్నెలన్ని క్యాంపుకే పోయినయ్. గిట్లనే బోసిగ వచ్చినయ్. మీ నాయన మూడు దినాలు అన్నం ముట్టలే. నాలుగోనాడు పెయింటు తెచ్చిండు."

"మరి ఎట్ల గుర్తు పట్టిండు?"

"గుర్తు పట్టుడేంది. పెద్దయి పసుపన్నడు. సొట్టలు పోయినయి ఆకుపచ్చన్నడు. నడిమియి మనకన్నడు."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు వచ్చి, చివరికి కళ్ల నీళ్లొచ్చాయి. ముప్పై ఆరేళ్లు. అన్నేళ్ల వ్రతాలు, బాప్తిస్మాలు, తండా పెళ్లిళ్లు అన్నీ కలిసిపోయిన గిన్నెల్లోనే జరిగాయి. పైనుంచి ఏ దేవుడూ ఒక్క మాట అనలేదు. చిన్నప్పటి నుంచి నేను మోసిన కోపమంతా నాయన ఊహించి పెట్టిన చుక్కల మీద.

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడిగితివా? ప్రశ్నలడగద్దని ఆయన జెప్తే సరేనంటివి" అంది అమ్మ.

సాయంత్రం బోరు దగ్గర అన్నీ కడిగి బోర్లించాం. పద్దెనిమిది తెల్లటి డేగిసాలు. ఏదీ ఎవరిదీ కాదు.

మర్నాడు జెండా ఎగరేసి, పిల్లలకు చాక్లెట్ బిళ్లలు పంచి అయిపోయాక మా ట్రాలీ ఆటో గ్రౌండులోకి వచ్చింది. చందూలాల్ అప్పటికే మూడు పొయ్యిలు తవ్వించి, బియ్యం నానబెట్టి ఉన్నాడు. జంపక్క ఉల్లిపాయల గుట్ట ముందు కూర్చుని ఉంది. డేగిసాలు దించుతుంటే ముసలయ్య కాకా దగ్గరికొచ్చి ఒకటి అటూ ఇటూ తిప్పాడు.

"చుక్కలేవి స్తుతీ?"

రాత్రంతా మేలుకుని తయారు చేసుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "తీసేసిన కాకా. వరదల అన్ని కలిసిపోయినయ్. ఏది ఎవలదో నాకు ఎరుక లేదు. మొన్న పెట్టిన చుక్కలు నా ఊహకొద్దీ పెట్టినవి."

చుట్టూ ఉన్నవాళ్లు దగ్గరికి జరిగారు.

"అంటే మమ్మల్ని మోసం చేసినట్టేనా?" అన్నాడు ముసలయ్య.

"అవ్ కాకా. మోసమే." అక్కడితో ఆపొచ్చు. ఆపలేదు. "నా ఒక్కదానిదే గాదు. ఎనభై ఆరు వరదల గూడ గిట్లనే కలిసినయట. గప్పుడు మా నాయన గూడ ఊహకే పెట్టిండు."

అందరి ముందూ నాయన పేరు నేనే చెడగొట్టాను. అమ్మ నా వెనకే నిలబడి ఉంది, ఆమె చెయ్యి నా వీపు మీద ఉందని తర్వాత తెలిసింది.

ముసలయ్య కాకా తువ్వాలు దులిపి భుజాన వేసుకుని గేటు వైపు నడిచాడు. ఆయన వెనక నాలుగైదు కుటుంబాలు లేచాయి. ఎబినేజర్ అయ్యగారు నేల చూపులు చూస్తున్నారు. మిగతా జనం కూర్చోవాలో లేవాలో తెలియక నిలబడ్డారు. జంపక్క ఒక్కతే ఉల్లిపాయలు తరుగుతోంది.

"పొయ్యి ముట్టియ్యాల్నా వద్దా అక్కా? బియ్యం నానినయ్" అని చందూలాల్ నన్ను మెల్లగా అడిగాడు.

స్కూలు వరండా మెట్ల మీద నుంచి భారతమ్మ గారు దిగి వచ్చారు. నా వైపు చూడలేదు. నేరుగా కట్టెల మోపు దగ్గరికి పోయారు. రెండు రోజులుగా ఎండ మండిపోతోంది, కట్టెలు ఎండి పగుళ్లిచ్చాయి. ఒక పుల్ల తీసి చేతిలో విరిచారు. ఫట్‌మని విరిగింది.

"కట్టెలు తడిగా ఉన్నాయి" అన్నారు. "మూడు పొయ్యిలకు చాలవు. ఒకటే పెట్టు చందూలాల్."

చందూలాల్ కట్టెల వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు.

"అవ్ అమ్మా. మస్తు తడిగున్నయ్" అన్నాడు. కాలితో మట్టి తోసి రెండు పొయ్యిలు పూడ్చేశాడు.

భారతమ్మ గారు డేగిసాల్లో వెతికి మాడిన దాన్ని బయటికి లాగారు. ఒక్కరు లేపే గిన్నె కాదది. ఒక చెవి పట్టుకుని వంగి అలాగే ఉన్నారు. రెండో చెవి పట్టుకోవడానికి ఎబినేజర్ అయ్యగారు వచ్చారు. ఇద్దరూ కలిసి పొయ్యి మీద పెట్టారు.

ఆ రోజు ఒకే వరసలో కూర్చుని నాలుగు వందల మంది దాకా తిన్నారు. ముసలయ్య కాకా తిరిగి రాలేదు. ఆయన భార్య ఆదెమ్మ మాత్రం పెద్ద టిఫిను డబ్బాతో వచ్చి, "ఇంటికి తీస్కపోత" అని పప్పు, అన్నం, వంకాయ కూర నిండుగా పెట్టించుకుపోయింది. ఎవరికని ఎవరూ అడగలేదు.

చేతులు కడిగే దగ్గర భారతమ్మ గారు ఒక్కరే దొరికారు.

"మీకు ఆనాడే ఎరుకైంది గదమ్మా. ఎందుకు అనలే?" అన్నాను.

"నేను మాడ్చిన గిన్నె నాకు తెలియదా? అంటే ఏం చేసేదానివి, ఇంకోటి తెచ్చి ఇదీ పసుపే అనేదానివి." కొంగుతో చేతులు తుడుచుకున్నారు. "నీ అంతట నువ్వు చెబుతావేమోనని ఆగాను."

"మరి వ్రతానికి గిన్నెలు..."

"ఇక్కడ సంగతి వేరు, మా ఇంటి సంగతి వేరు. మా అత్తగారు పోయారు కానీ ఆవిడ మాటలు ఇంకా ఇంట్లోనే తిరుగుతున్నాయి. చూద్దాం" అన్నారు.

నేను ఆశ పెట్టుకోలేదు. భద్రాచలంలోనో మణుగూరులోనో వేరే వాళ్ల దగ్గర తీసుకుంటారనుకున్నాను. అలా తీసుకున్నా ఆవిడ మీద నాకు కోపం ఉండేది కాదు. నాలుగు రోజుల తర్వాత నాగలత వచ్చి, "అత్తయ్య ఆరు డేగిసాలు పంపమన్నారు. మాడింది కూడా ఉండాలన్నారు" అని చెప్పి పోయింది.

వ్రతం రోజు సాయంత్రం నాలుగింటికి గిన్నెలు తిరిగొచ్చాయి. ఆటోలో డ్రైవరు పక్కన భారతమ్మ గారు కూర్చుని ఉన్నారు, పట్టుచీరతోనే. వెనక డేగిసాల్లో ఒకదాని మీద అరిటాకు కప్పి ఉంది. నేను, డ్రైవరు కలిసి దాన్ని దించాం. ఆకు తీస్తే అడుగున నాలుగు దోసెళ్ల పులిహోర.

అమ్మ బోరు దగ్గర నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, అది చూసి అక్కడే ఆగిపోయింది. మళ్లీ చేతులు జోడించాల్సి వస్తుందని ఆమె ముఖంలో దిగులు కనిపించింది.

"విశ్రాంతమ్మా, ఇది స్వామికి పెట్టకముందు తీసింది. పీట వేయకముందే పక్కన పెట్టించాను. నీకు పనికొస్తుంది" అన్నారు భారతమ్మ గారు.

వాళ్ల ఇళ్లలో వ్రతం నాడు వండినది ముందు దేవుడికి పోవాలి. దానికి ముందు పసిపిల్ల అడిగినా మెతుకు పెట్టరు. ఆ సంగతి ఊరందరి గిన్నెలు తోమిన మా అమ్మకు తెలియనిది కాదు.

"ముందుగాల మాకు తీసిన్రా అమ్మా?" అంది.

"తీశాను. స్వామి ఏమీ అనుకోలేదు. మా ఆయనే కాసేపు అనుకున్నాడు." ఆవిడ నవ్వి ఆటో ఎక్కారు. "గిన్నె తోమి పంపలేదు, ఏమీ అనుకోకు" అని ఆటో కదులుతుండగా అన్నారు.

అమ్మ రెండు పళ్లేల్లో పులిహోర పెట్టింది. తినే ముందు ఎప్పుడూ చేసే ప్రార్థన రెండు ముక్కల్లో అయిపోతుంది. ఆ రోజు ఎంతకీ ఆమెన్ అనలేదు. నాకు ఆకలేస్తోంది, కళ్లు తెరిచి చూస్తే అమ్మ మూసిన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. మళ్లీ కళ్లు మూసుకున్నాను.

చివరికి ఆమెన్ అని, ముద్ద నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలింది.

"ఉప్పు తక్కువైంది" అంది.

"దేవునికి పెట్టకముందు వాళ్లు రుచి చూడరమ్మా. గందుకే."

అమ్మ ఇంకో ముద్ద తిన్నది. "భారతమ్మకు చెప్పకు" అని లేచి, పోయి ఉప్పు డబ్బా తెచ్చుకుంది.